పడమర ముఖం ఇల్లు: గోడలకు ఏ ఇటుక, ఉడుకు నీళ్లకు సోలారా గీజరా?

కొత్తిల్లు_నల్లగొండ అడిగారు:

నల్లగొండ టౌన్‌లో 30 బై 50 ప్లాటు, 166 గజాలు, పడమర ముఖం. పిల్లర్ల ఇల్లు. కింద హాలు, వంటిల్లు, ఒక బెడ్రూం. పైన రెండు బెడ్రూంలు, అందులో ఒకటి వీధి వైపు, అంటే పడమర గోడకు ఆనుకొని. ప్లింత్ బీము అయిపోయింది, గోడల రకం ఈ నెలలో తేల్చాలి.

కాంట్రాక్టర్ కొటేషన్‌లో బయటి గోడలకు 6 అంగుళాల సిమెంటు దిమ్మెలు, లోపల 4 అంగుళాలవి రాసిండు. 9 అంగుళాల బూడిద ఇటుక గోడ కావాలన్నా, 8 అంగుళాల ఏఏసీ (లోపల గాలి బుడగలుండే తేలిక సిమెంటు) బ్లాకు కావాలన్నా అదనం అంటున్నడు. ఏఏసీ అయితే పగుళ్లు వస్తాయని కూడా భయపెడుతున్నడు. పైన స్లాబు మామూలు 5 అంగుళాలది, మీద వాటర్‌ప్రూఫింగ్ ఒక్కటే.

నేను అడిగేది మూడు సంగతులు. గోడలకు ఏది వాడితే ఎండాకాలం ఏసీ భారం నిజంగా తగ్గుతుంది? ఉడుకు నీళ్లకు సోలార్ వాటర్ హీటర్ పెట్టాలా, గీజర్ చాలా? బోరు నీళ్లు బాగా ఉప్పు, బకెట్ల మీద తెల్లటి పెచ్చు కడుతుంది. ఇంట్లో ముసలివాళ్లున్నారు, డిసెంబరు, జనవరిలో గది వెచ్చగా ఉండడానికి ఇప్పుడే ఏమైనా ఏర్పాటు చేసుకోవాలా? అదనంగా కొంత పెట్టగలం కానీ అన్నిటికీ పెట్టలేం. అందుకే ఏది ముందు, ఏది వెనుక అన్నది ముఖ్యం.

స్లాబు_లెక్క జవాబు:

గోడ కన్నా ముందు పైకప్పు చూడండి. మీ కొటేషన్‌లో అసలు లోటు అక్కడే ఉంది. నల్లగొండ 17 డిగ్రీల అక్షాంశం మీద ఉంది. మే 8 ప్రాంతంలో, మళ్లీ ఆగస్టు 5 ప్రాంతంలో మధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా నడినెత్తిన ఉంటాడు. ఎండాకాలమంతా దెబ్బ తినేది స్లాబే. గోడల్లో పడమర, తూర్పు గోడలకు బాగా తగులుతుంది, దక్షిణం గోడకు ఆ నెలల్లో దాదాపు ఏమీ తగలదు.

అంకెల్లో చూద్దాం. గోడకు అటూ ఇటూ ఒక డిగ్రీ తేడా ఉంటే చదరపు మీటరుకు ఎన్ని వాట్ల వేడి దాటుతుందో దాన్ని యూ విలువ అంటారు. ఎంత తక్కువైతే అంత మంచిది. 5 అంగుళాల స్లాబు కింద ప్లాస్టరింగ్‌తో 3.3 దాకా వస్తుంది. బీఈఈ (కేంద్ర ఇంధన పొదుపు సంస్థ) 2018లో తెచ్చిన ఎకో నివాస్ సంహిత అనే నిబంధనల్లో ఇళ్ల పైకప్పుకు పెట్టిన గరిష్ఠ హద్దు 1.2. మీ ప్లాటు సైజుకు ఆ నిబంధన వర్తించదు, కానీ కొలబద్దగా పనికొస్తుంది. మీ స్లాబు సుమారు 1000 చదరపు అడుగులు, అంటే 93 చదరపు మీటర్లు అనుకుందాం. మే నెల మధ్యాహ్నం ఎండకు కాలిన స్లాబు పైభాగానికీ, లోపలి గాలికీ 25 డిగ్రీల తేడా పట్టుకుంటే 93 ఇంటూ 3.3 ఇంటూ 25, దాదాపు 7,700 వాట్లు. ఒక టన్ను ఏసీ తోడేది 3,500 వాట్లు. అంటే ఏమీ వేయని స్లాబు ఒక్కటే రెండు టన్నుల ఏసీని మింగేస్తుంది. అదే స్లాబు మీద 50 మిల్లీమీటర్ల ఎక్స్‌పీఎస్ బోర్డు (వేడిని ఆపే గట్టి నురుగు పలక) పరిస్తే యూ విలువ 0.5కు దిగుతుంది, లోపలికి దిగే వేడి 1,200 వాట్ల లోపుకు వస్తుంది.

ఇప్పుడు పడమర గోడ. పై అంతస్తులో కిటికీలు పోను 20 చదరపు మీటర్లు, 20 డిగ్రీల తేడా పట్టుకోండి. మీ కాంట్రాక్టర్ చెప్పిన 6 అంగుళాల సిమెంటు దిమ్మె గోడ యూ విలువ 3.1, దాటే వేడి 1,240 వాట్లు. 9 అంగుళాల బూడిద ఇటుక గోడ 2.1, అంటే 840. 8 అంగుళాల ఏఏసీ గోడ 0.76, అంటే 300 చిల్లర. తేడా పెద్దదే, కాదనను. కానీ స్లాబు మీద ఆదా అయ్యే 6,500 వాట్ల ముందు ఇది చిన్నది. అందుకే మీ అదనపు డబ్బు మొదట స్లాబు మీదికి పోవాలి, తర్వాత పడమర, తూర్పు గోడల మీదికి. ఉత్తరం, దక్షిణం గోడలు 9 అంగుళాల బూడిద ఇటుకతో కట్టినా నష్టం లేదు. సిమెంటు దిమ్మె మాత్రం ఎండ తగిలే ఏ గోడకూ వద్దు.

బెడ్రూంలో ఏసీ ఎక్కువగా రాత్రిపూటే వేస్తారు కాబట్టి ఇంకో సంగతి ఉంది. 9 అంగుళాల ఇటుక గోడ బయటి వేడిని ఆరేడు గంటలు ఆలస్యంగా లోపలికి వదులుతుంది. సాయంత్రం నాలుగైదు గంటలకు పడమర గోడ కాలితే ఆ సెగ లోపలికి దిగేది రాత్రి పదకొండుకు, సరిగ్గా పడుకునే వేళకు. పడమర బెడ్రూంలో గోడ మీద అరచెయ్యి పెట్టి చూస్తే ఆ టైంకే వెచ్చగా తగులుతుంది. ఏసీ గదికి బయటి గోడ తేలికగా ఉండి వేడిని బయటే ఆపేదై ఉండాలి. అందుకే ఆ గదికి ఏఏసీనే సరైంది.

స్లాబు మీద పొరల వరస ఇది. స్లాబు క్యూరింగ్ అయ్యాక నీళ్లు కట్టి కారుడు ఉందో లేదో చూడాలి. తర్వాత వాటర్‌ప్రూఫ్ కోటింగ్ రెండు పూతలు, పిట్టగోడ మీదికి కనీసం ఒక అడుగు ఎక్కించాలి. పిట్టగోడ, స్లాబు కలిసే మూలను ముందే సిమెంటుతో గుండ్రంగా తీయాలి, లేకపోతే కోటింగ్ ఆ మూలలోనే చీలుతుంది. దాని మీద 50 మిల్లీమీటర్ల ఎక్స్‌పీఎస్ బోర్డులు, కీళ్లు తప్పించి, కీళ్ల మీద టేపు వేసి. బోర్డు మీద పాలిథిన్ షీటు లేదా జియోటెక్స్‌టైల్. దాని మీద 50 మిల్లీమీటర్ల కాంక్రీటు, కోడిమెష్ వేసి, నీళ్లు పోయే గొట్టం వైపు వందకు ఒకటి వాలుతో. ఈ కాంక్రీటును పది అడుగుల చదరాలుగా కోతలు పెట్టి పోయాలి. ఒకే పరుపుగా పోస్తే మే నెలలో వ్యాకోచించి పిట్టగోడను బయటికి నెడుతుంది. చివర తెల్ల టైల్ ముక్కలు తెల్ల సిమెంటుతో. మిరపకాయలు ఆరబెట్టినా, మంచాలు వేసినా తట్టుకుంటుంది.

తప్పు జరిగేది ఎక్కువగా రెండు చోట్ల. ముక్కలు కోసి పెట్టేటప్పుడు బోర్డుల మధ్య అంగుళం సందులు వదిలేస్తారు, వేడి ఆ సందుల్లోంచి దిగుతుంది. రెండోది, బోర్డులు పరిచి కాంక్రీటు పోయకుండా రెండు మూడు రోజులు ఎండలో వదిలేస్తారు. గాలికి లేస్తాయి, ఎండకు పైపొర పాడవుతుంది. పొద్దున పరిచిన భాగానికి ఆ రోజే కాంక్రీటు పడాలి.

ఈ పొరలన్నీ కలిసి చదరపు మీటరుకు 150 కిలోల పైన బరువు. స్లాబు స్టీలు డిజైన్ చేసే ఇంజనీరుకు ఈ సంగతి ముందే చెప్పండి.

తాపీ_పాలమూరు జవాబు:

ఏఏసీ గోడకు పగుళ్లొస్తయని అందరు అంటరు. అది బ్లాకు తప్పు కాదు, కట్టుడు తప్పు. ఇటుక కట్టిన చేతితోనే, ఇటుక లెక్కనే కడ్తరు, అందుకే పగుల్తయి.

బ్లాకును నీళ్లల్ల నానబెట్టొద్దు. బ్రష్‌తోని పైన తడి తగిలిస్తె సాలు. నానిన బ్లాకు గోడల ఎండుకుంట ముడుసుకుంటది, పగులు పడేది అప్పుడే. కలుపుకు ఇసుక సిమెంటు అర అంగుళం మందం పెట్టొద్దు. బ్లాకు గమ్ము బస్తా దొరుకుతది, దాన్ని పళ్లున్న తాపీతోని 3 మిల్లీమీటర్లే పుయ్యాలె. వంద చదరపు అడుగుల 8 అంగుళాల గోడకు 600 బై 200 బై 200 బ్లాకులు 77 పడ్తయి, ఇరిగేటివి కలుపుకొని 81 అనుకోండ్రి. గమ్ము 40 కిలోల బస్తా ఒకటిన్నర పడ్తది. కలిపిన గమ్ము గట్టిపడ్డంక మళ్ల నీళ్లు పోసి మెత్తగ చెయ్యొద్దు, పారెయ్యాలె.

మొదటి వరస ఏఏసీతోని మొదలుపెట్టొద్దు. కింద ఒక వరస గట్టి సిమెంటు దిమ్మెగాని ఇటుకగాని పెట్టాలె, బాత్రూంల కాడ రెండు వరసలు. ఏఏసీ కిందికెల్లి నీళ్లు పీల్చుకుంటది, పీలిస్తె పెయింట్ పొక్కుతది. ప్రతి మూడున్నర అడుగుల ఎత్తుకు 3 అంగుళాల కాంక్రీటు బ్యాండు, అండ్ల 8 మిల్లీమీటర్ల కడ్డీలు రెండు, పిల్లర్ల దాక పోవాలె. రోజుకు నాలుగడుగుల కన్నా ఎక్కువ ఎత్తు లేపొద్దు. పైన బీము కింద అర అంగుళం సందు ఇడిసి, గోడ సెట్టయినంక నింపాలె. బీముకు బిగ్గట్టిగ ఆనించి కడ్తె, స్లాబు బరువుకు బీము వంగినప్పుడు గోడ మూలకు అడ్డంగ చీరుతది.

పిల్లరు, గోడ కలిసే కాడ రెండు దిక్కుల అర్ధ అడుగు మెష్ కొట్టి అటెంక ప్లాస్టర్ చెయ్యాలె. అది లేకుంటె రంగు ఏసినంక నిలువు గీత ఒకటి ఖచ్చితంగ వస్తది. ప్లాస్టర్ ఒకటికి మూడు కలుపుతోని గట్టిగ ఉంటది అనుకుంటరు, అది తప్పు. బ్లాకు మెత్తగ, ప్లాస్టర్ గట్టిగ ఉంటె ప్లాస్టర్ ఊడి సప్పుడు చేస్తది. ఒకటికి ఆరు, అర అంగుళం మందం. గోడ కట్టినంక రెండు వారాలు ఆగి చెయ్యాలె.

కరెంటు పైపులకు ఉలి సుత్తెతోని కొట్టనియ్యొద్దు, మిషిన్‌తోని కొయ్యాలె, గోడ మందంల మూడో వంతు కన్నా లోతు పోవద్దు, అడ్డంగ కోత అసలే వద్దు. ఇంగొకటి, గీజరు 25 లీటర్లది నీళ్లతోని 35 కిలోల పైన తూగుతది. 4 అంగుళాల ఏఏసీ గోడకు మామూలు ప్లగ్గులతోని తలిగిస్తె ఊడి పడ్తది. ఆ జాగల ఇటుక పెట్టుండ్రి, లేదంటె గోడ ఆరుపార బోల్టు ఏసి ఎనుక ప్లేటు బిగించుండ్రి.

మీ పిల్లర్లు, బీములు 9 అంగుళాలయితె 8 అంగుళాల గోడను బయటి పక్క సమానం చేసి కట్టుండ్రి. ఇంచు తేడా లోపల పడనియ్యుండ్రి, బయట పడితె వాననీళ్లు ఆగుతయి. 9 అంగుళాల బ్లాకు గూడ దొరుకుతది, రేటు చూసుకోండ్రి.

ఉత్తరం, దక్షిణం గోడలకు బూడిద ఇటుక తీసుకుంటె బట్టీ కాడికి పోయి చూడాలె. క్యూరింగ్ కాకుండ పచ్చిగ అమ్మేది ఎక్కువ. రెండు ఇటుకలు కొట్టి చూస్తె గణగణమనాలె. మూలలు గోటితోని రాస్తె రాలొద్దు. ఒక ఇటుకను ఎండబెట్టి తూచి, ఒక దినం మొత్తం నీళ్లల్ల ఏసి మళ్ల తూచుండ్రి. ఐదో వంతు కన్నా ఎక్కువ బరువు పెరిగితె వద్దనుండ్రి. 9 అంగుళాల గోడకు వంద చదరపు అడుగులకు వెయ్యిన్ని యాభై ఇటుకలు పడ్తయి.

ర్యాట్ ట్రాప్ అని ఇటుకలను అంచు మీద నిలవెట్టి నడుమ బోలు ఇడిసి కట్టే పద్ధతి ఉన్నది. ఇటుకలు పావు వంతు మిగుల్తయి, కొంచెం సల్లగ గూడ ఉంటది. బూడిద ఇటుక అన్ని ఒక్క సైజు ఉంటయి కాబట్టి దానికి నప్పుతది. నాటు ఎర్ర ఇటుక వంకర ఉంటది, నప్పదు. కాని కలుపు బోలుల పడకుండ కట్టే మేస్త్రి ఉంటెనే చేపియ్యుండ్రి.

నీడ_గాలి జవాబు:

గోడ ఎంత మంచిదైనా కిటికీ సంగతి చూడకపోతే ఆ డబ్బు వృథా. పడమర కిటికీ మీద రెండడుగుల సజ్జ వేసి నీడ వస్తుందనుకుంటారు. మే నెలలో సాయంత్రం నాలుగున్నరకు ఇక్కడ సూర్యుడు 28 డిగ్రీల ఎత్తులోనే ఉంటాడు. ఆ కోణానికి రెండడుగుల సజ్జ నీడ కిటికీ మీద అడుగు కన్నా కాస్త కిందికి పడుతుంది, అంతే. నాలుగడుగుల కిటికీలో మూడడుగులు ఎండలోనే. పడమరకు సజ్జ కాదు, నిలువు అడ్డం కావాలి: బయట జాలీ గోడ, నిలువు రెక్కలు, లేదా బయటి వైపు వెదురు తెర. లోపలి కర్టెన్ ఎండను ఆపదు, అద్దం దాటి లోపలికి వచ్చిన వేడి లోపలే ఉండిపోతుంది.

దక్షిణం కిటికీకి మాత్రం రెండడుగుల సజ్జ నిక్షేపంగా పనిచేస్తుంది. ఎండాకాలం నీడ ఉంటుంది. డిసెంబరు మధ్యాహ్నం సూర్యుడు 50 డిగ్రీల దగ్గరకు దిగుతాడు, అప్పుడు సజ్జ కింది నుంచి ఎండ గదిలోకి వస్తుంది. మీ ముసలివాళ్ల గది దక్షిణం వైపు పెట్టి, అటు ఒక మంచి కిటికీ ఇస్తే చలికాలానికి అదే హీటరు. మన దగ్గర డిసెంబరు, జనవరి రాత్రులు 12, 15 డిగ్రీలకు దిగే రోజులు కొన్నే. గోడలో, నేలలో వేడి పైపుల ఏర్పాటు ఏదీ అవసరం లేదు. ఆ గదిలో 16 ఆంపుల ప్లగ్ పాయింట్ ఒకటి పెట్టండి, అవసరమైతే ఆయిల్ హీటర్ తగిలించుకోవచ్చు. మూసిన గదిలో బొగ్గుల కుంపటి మాత్రం ఎట్టి పరిస్థితుల్లో వద్దు, దాని గాలి ప్రాణం తీస్తుంది.

ప్లాను మార్చే వీలుంటే పడమర వైపు మెట్లు, బాత్రూం, బీరువాల గోడ పెట్టండి. బెడ్రూంకూ ఎండకూ మధ్య అవే అడ్డు అవుతాయి. దీనికి పైసా ఖర్చు ఉండదు.

కొత్తిల్లు_నల్లగొండ:

మెట్లు పడమరకు జరపొచ్చు, ఇంజనీరును అడుగుతా. ఇంకో మాట. ఇంట్లో పెద్దవాళ్లు రాతిగోడ కట్టమంటున్నారు. పాత మిద్దెలు ఎంత చల్లగ ఉండేవో చూడమంటున్నారు. నల్లగొండలో రాయికి కొదువ లేదు కదా. అది పనికొస్తుందా?

నీడ_గాలి:

రాయి వేడిని ఆపదు, దాచుకుంటుంది. 15 అంగుళాల గ్రానైటు గోడ యూ విలువ 3.3, మీ సిమెంటు దిమ్మె కన్నా అధ్వాన్నం. అయినా పగలు చల్లగా ఎందుకుంటుందంటే, అంత బరువు వేడెక్కడానికి పొద్దంతా పడుతుంది కాబట్టి. పాలమూరు మిద్దెలో గోడ ఒక్కటే కాదు, దూలాల మీద అడుగు మందం మట్టి, దాని మీద చౌడు, చిన్న కిటికీలు, మధ్యలో వాకిలి, ఇవన్నీ కలిసి పనిచేసేవి. పగలు లోపల ఉండేవాళ్లు, రాత్రి వాకిట్లోనో మిద్దె మీదనో పడుకునేవాళ్లు. రాత్రి గోడ వేడి వదిలే వేళకు లోపల మనుషులు లేరు. మీరు రాత్రి అదే గదిలో తలుపులు మూసుకొని ఏసీ వేసుకుంటారు, ఆ గోడ తెల్లవార్లూ ఏసీకి ఎదురు పనిచేస్తుంది.

రాయి మీద మనసుంటే కాంపౌండు గోడకు, వాకిట్లో అరుగుకు, కింది హాలు ఉత్తరం గోడకు వాడండి. హాలు పగలు వాడే గది, రాత్రి కిటికీలు తెరిచి పెడితే గోడ చల్లారుతుంది. అక్కడ రాయి మేలే చేస్తుంది. లోపల గచ్చుకు షాబాదు బండ కూడా అంతే.

బోరునీళ్లు జవాబు:

ఉడుకు నీళ్ల సంగతి. సోలార్ తీసుకుంటే మీ నీళ్లకు గాజు గొట్టాలదే తీసుకోండి. రాగి పైపులుండే ఫ్లాట్ ప్లేట్ రకం ఉప్పు నీళ్లకు వద్దు, సన్నటి పైపుల్లో సున్నం పెచ్చు కట్టి రెండు మూడేళ్లలో నీళ్లు తిరగడం ఆగిపోతుంది. గాజు గొట్టాలు వెడల్పుగా ఉంటాయి, విప్పి కడగొచ్చు. నలుగురైదుగురికి 150 లీటర్లది చాలు. దక్షిణానికి తిప్పి, 30 డిగ్రీల వాలులో పెడితే చలికాలం ఎండ బాగా పడుతుంది.

చల్లనీళ్ల ట్యాంకు అడుగు సోలార్ ట్యాంకు పైభాగం కన్నా ఒక అడుగైనా ఎత్తులో ఉండాలి. అంటే స్లాబు మీద ఆరేడు అడుగుల స్టాండు. చల్లనీళ్ల లైనుకు నాన్ రిటర్న్ వాల్వు, సోలార్ ట్యాంకు నుంచి పైకి తెరిచి ఉండే గాలి గొట్టం. ఈ గొట్టం మూసేస్తే ట్యాంకు ఉబ్బి చీలుతుంది. దాని పైకొస చల్లనీళ్ల ట్యాంకు నీటిమట్టం కన్నా ఎత్తుగా ఉండాలి, లేకపోతే పొర్లుతూనే ఉంటుంది. ఖాళీ అయిన గొట్టాల్లోకి మధ్యాహ్నం ఎండలో చల్లనీళ్లు వదలొద్దు, టపటపా పగులుతాయి. తెల్లవారుజామునో, చీకటి పడ్డాకో నింపాలి. ఎండాకాలం వాడకం లేనప్పుడు సగం గొట్టాల మీద గోనెపట్టా కప్పాలి. ట్యాంకులో మెగ్నీషియం కడ్డీ ఉంటుంది, ఏటా విప్పి చూసి, సన్నబడితే మార్చాలి. కిందికి దిగే పైపు సీపీవీసీ ఎస్‌డీఆర్ 11 (ఉడుకు నీళ్లు తట్టుకునే మందపాటి ప్లాస్టిక్ పైపు), మీద నల్ల నురుగు తొడుగు.

గీజరైనా సోలారైనా పైపు పొడవు చూసుకోండి. ముప్పావు అంగుళం పైపులో మీటరుకు పావు లీటరు నీళ్లు నిలుస్తాయి. బాత్రూం 15 మీటర్ల దూరంలో ఉంటే ఉడుకు నీళ్లు వచ్చేలోపు ప్రతిసారీ నాలుగు లీటర్లు మోరీలోకి. బాత్రూంలు ఒకదాని మీద ఒకటి, ట్యాంకుకు దగ్గరగా వచ్చేలా ప్లాను చూడండి.

గీజరు గాజుపూత ట్యాంకుది తీసుకోండి. థర్మోస్టాట్ 50, 55 దగ్గర పెట్టండి. 60 దాటితే సున్నం పెచ్చు బాగా కడుతుంది, హీటింగ్ కడ్డీ దాని లోపలే కాలిపోతుంది. నల్లగొండ నీళ్లని ఒక మాట కలుపుతున్నా: పెచ్చు కట్టేది కాల్షియం, మెగ్నీషియం, ఫ్లోరైడ్ కాదు. నీళ్లు మరిగిస్తే ఫ్లోరైడ్ పోదు, ఆవిరైన కొద్దీ చిక్కబడుతుంది. బోరు లైను గీజరు నీళ్లు తాగడానికి, వంటకు అసలు వాడొద్దు. వంటింటికి భగీరథ నీళ్ల లైను వేరుగా ఉంచండి.

అదే బోరు నీళ్లతో కాంక్రీటు కలుపుతున్నారు కాబట్టి ఒకసారి పరీక్ష చేయించండి. ఐఎస్ 456 (కాంక్రీటు పనుల భారత ప్రమాణం) ప్రకారం ఆర్‌సీసీకి క్లోరైడ్ లీటరుకు 500 మిల్లీగ్రాములు, సల్ఫేట్ 400 దాటకూడదు. క్లోరైడ్ దాటితే లోపల స్టీలు తుప్పు పడుతుంది, సల్ఫేట్ దాటితే కాంక్రీటు దెబ్బతింటుంది.

స్లాబు_లెక్క:

పైన చెప్పిన సోలార్ వివరాలన్నీ సరైనవే. అయినా ఈ ఇంటికి సోలార్ వాటర్ హీటర్ మీద డబ్బు పెట్టొద్దనే నా మాట. లెక్క చూడండి. నలుగురికి స్నానానికి 100 లీటర్లు, 20 డిగ్రీల నుంచి 42కు వేడి చేయాలంటే రెండున్నర యూనిట్ల కరెంటు. ట్యాంకు నుంచి పోయే వేడి కలిపి మూడు అనుకోండి. నల్లగొండలో ఉడుకు నీళ్లు నిజంగా కావాల్సింది నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా. మేలో నల్లా తిప్పితేనే చెయ్యి కాలుతుంది. 120 రోజులకు 360 యూనిట్లు. యూనిట్ 7 రూపాయలు పట్టుకున్నా 2,520 రూపాయలు. ఆ మిగులుకు ఒక మిషిను, స్టాండు, పైపులు, ఏటేటా సున్నం కడుగుడు. ఎనిమిది నెలలు గోనెపట్టా కింద ఉండే వస్తువు అది.

అదే ఎండను సోలార్ ప్యానెళ్లతో కరెంటు చేస్తే పన్నెండు నెలలూ పనికొస్తుంది. 2024 ఫిబ్రవరిలో వచ్చిన పీఎం సూర్యఘర్ పథకంలో 3 కిలోవాట్ల ప్లాంటుకు 78,000 రూపాయల సబ్సిడీ ఉంది. కిలోవాటుకు రోజుకు నాలుగు యూనిట్ల చొప్పున 12 యూనిట్లు, నెట్ మీటర్ మీద, అంటే మీరు వాడగా మిగిలింది కరెంటు లైనులోకి పోయి మీ లెక్కలో జమ అవుతుంది. ఏసీ తిరిగే మే నెలకూ, గీజరు తిరిగే జనవరికీ అదే సరిపోతుంది. 300 చదరపు అడుగుల జాగా కావాలి, ఆ మేరకు స్లాబుకు నీడ కూడా. ఇప్పుడే పెట్టలేకపోతే 15 లీటర్ల గీజరుతో సరిపెట్టుకొని, ప్యానెళ్లకు ఏర్పాటు మాత్రం చేసి ఉంచండి.

బోరునీళ్లు:

ఎనిమిది మంది ఉండే ఇల్లో, హాస్టలో అయితే లెక్క మారుతుంది, అక్కడ సోలార్ హీటరే నయం. ఈ ఇంటికి మీ లెక్కే ఒప్పుకుంటా. గీజరు ముందు చిన్న ఫిల్టరు, వెనుక డ్రెయిన్ కాక్ పెట్టించండి, ఏటా విప్పకుండానే అడుగు నీళ్లు వదలొచ్చు.

కొత్తిల్లు_నల్లగొండ:

పడమర, తూర్పు ఏఏసీ, మిగతావి బూడిద ఇటుక, పైన ఎక్స్‌పీఎస్. మెట్లు పడమరకు. ఇది తేలింది. ఎక్స్‌పీఎస్ ఈ ఏడు కుదరకపోతే స్లాబు మీద తెల్ల కూల్ రూఫ్ పెయింటు కొట్టి వచ్చే ఏడు వేయొచ్చా? స్లాబు పోసే ముందు ఇంకేం చూసుకోవాలి?

స్లాబు_లెక్క:

వేయొచ్చు. తెల్ల పెయింటు ఎండను తిప్పికొడుతుంది, రాష్ట్ర ప్రభుత్వం 2023లో తెచ్చిన కూల్ రూఫ్ పాలసీ ఉద్దేశం కూడా అదే. అందులో ఇళ్లకు తప్పనిసరి చేసింది 600 గజాలు, ఆ పైన ప్లాట్లకే. అయితే మన దుమ్ముకు ఒక్క ఎండాకాలంలోనే మసకబారుతుంది. మార్చి మొదట్లో ఒకసారి బ్రష్ పెట్టి కడగాలి, రెండు మూడేళ్లకు మళ్లీ పూత వేయాలి. పూతకు ముందు స్లాబు పూర్తిగా ఆరి ఉండాలి, తేమ మీద వేస్తే పొరలుగా లేస్తుంది. తర్వాత ఎక్స్‌పీఎస్ వేసేటప్పుడు ఈ పెయింటు మీద నేరుగా వాటర్‌ప్రూఫింగ్ పట్టదు, గీకి తీయాలి.

స్లాబు పోసే ముందు చూసుకోవాల్సినవి: ప్యానెళ్ల స్టాండుకు, నీళ్ల ట్యాంకుకు అడుగు ఎత్తు కాంక్రీటు దిమ్మెలు, పిల్లర్ల, బీముల మీదికి వచ్చేలా. వాటి స్టీలు స్లాబు స్టీలుతోనే కట్టాలి. తర్వాత డ్రిల్లు పెట్టి బోల్టులు దింపితే వాటర్‌ప్రూఫింగ్‌కు అక్కడే చిల్లు పడుతుంది. వాననీళ్ల గొట్టాలకు, ప్యానెల్ వైరుకు, ఏసీ పైపులకు స్లీవులు సెంట్రింగ్ మీదే పెట్టించండి. పిట్టగోడ ఎత్తు నాలుగడుగులు పెట్టించండి, పైన నాలుగైదు అంగుళాల పొరలు పడ్డాక కూడా మూడున్నర మిగలాలి. మెట్ల గది తలుపు గడప కూడా అంతే ఎత్తు పెంచాలి. ఆ ఒక్కటి మరిచిపోతే పైన పొరలన్నీ వేశాక వాననీళ్లు గడప దాటి మెట్ల మీదుగా కిందికి వస్తాయి.